ఆండీ కాఫ్‌మన్ కట్టిన ఎల్విస్ వేషం

మన జాతర్లలో జూనియర్ చిరంజీవి, జూనియర్ బాలకృష్ణ స్టేజీ ఎక్కినట్టే అమెరికాలో రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ వేషగాళ్లు ఎక్కుతుంటారు. లాస్ వేగస్‌లోనైతే పెళ్లి తంతు నడిపించడానికి కూడా ఎల్విస్ వేషగాడు దొరుకుతాడు. తెల్ల జంప్‌సూటు, చెంపల మీదికి దిగిన జుట్టు, పెద్ద కళ్లజోడు, నడుము రెండు తిప్పులు, చివర్లో "థాంక్యూ, థాంక్యూ వెరీ మచ్". అందరి దగ్గరా సరుకు ఒకటే. ఆ గుంపులో ఒక్కణ్ణే చూసే తీరిక ఉంటే ఆండీ కాఫ్‌మన్‌ని చూడండి. ఆయన గాయకుడు కాదు, కామెడీ క్లబ్బుల మనిషి. తన ఆరాధ్య గాయకుడి కోసం 1970ల్లో ఒక అంశం తయారు చేసుకున్నాడు. అప్పటికి ఎల్విస్ బతికే ఉన్నాడు, ఎల్విస్ వేషం కట్టడం ఇంకా పెద్ద వ్యాపారం కాలేదు. యూట్యూబ్‌లో పైసా ఖర్చు లేకుండా దొరికే ఆ కొద్ది నిమిషాల అంశం గురించే ఈ సమీక్ష.

పరిచయం లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. కాఫ్‌మన్ 1949 జనవరి 17న న్యూయార్క్‌లో పుట్టాడు. 1984 మే 16న, 35 ఏళ్లకే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. 1978లో మొదలైన 'టాక్సీ' సీరియల్లో లాట్కా అనే మెకానిక్ పాత్ర ఆయన్ని ఇంటింటికీ తీసుకెళ్లింది. తాను కమెడియన్ని కానని, పాటా ఆటా చేసుకునేవాణ్ణని చెప్పుకునేవాడు. ఎల్విస్ అంశం చూశాక ఆ మాట వినయం కోసం అన్నది కాదని తెలుస్తుంది.

అంశం ఎల్విస్‌తో మొదలవదు. ఫారిన్ మ్యాన్‌తో మొదలవుతుంది. కాస్పియన్ సముద్రంలో కాస్పియర్ అనే లేని దీవి నుంచి వచ్చానని చెప్పుకునే అమాయకుడు ఇతను. చేతులు గుండెల దగ్గర ముడుచుకుని, కళ్లు పెద్దవి చేసి, సన్నటి గొంతుతో, వచ్చీ రాని ఇంగ్లిషులో జోకులు చెబుతాడు. ఒక్కటీ పేలదు. ట్రాఫిక్ గురించి ఏదో మొదలుపెడతాడు. రావడానికి గంటన్నర పట్టిందంటాడు. అదే జోకన్నట్టు తనే నవ్వుతాడు. భార్య మీద అమెరికాలో అరిగిపోయిన పాత జోకు ఒకటి ఉంది. "ఉదాహరణకి మా ఆవిడనే తీసుకోండి" అని, చిన్న విరామం ఇచ్చి, "దయచేసి తీసుకుపోండి" అనడం. అదృష్టవశాత్తూ ఈ శ్లేష తెలుగులోనూ పలుకుతుంది కాబట్టి ఫారిన్ మ్యాన్ ఏం చెడగొడుతున్నాడో మనకు ఇట్టే అర్థమవుతుంది. ఆ విరామాన్ని మింగేసి రెండు ముక్కలూ ఒకే ఊపులో చెప్పేస్తాడు. విరామం పోతే జోకే లేదు. జోకు ఎక్కడ పేలాలో కచ్చితంగా తెలిసినవాడు మాత్రమే ప్రతిసారీ అంత కచ్చితంగా గురి తప్పగలడు.

తర్వాత మిమిక్రీ మొదలు. అమెరికా అధ్యక్షుడు కార్టర్‌ని అనుకరిస్తానంటాడు. అదే సన్నటి గొంతుతో, అదే యాసతో, "నేను మిస్టర్ కార్టర్‌ని, అమెరికా అధ్యక్షుణ్ణి" అంటాడు. అనుకరణ అంతే. టీవీ పాత్ర ఆర్చీ బంకర్‌దీ అదే వరస. గొంతు మారదు, ముఖం మారదు, పేరు మాత్రమే మారుతుంది. ఒక్కోదాని తర్వాత "టెంక్ యూ వెడీ మచ్" అని వంగి దండం. జనంలో కొందరు జాలిపడతారు, కొందరు ఇబ్బందిగా కదులుతారు, కొందరు ఇతన్ని దింపేస్తే బాగుండు అన్నట్టు చూస్తారు. సరిగ్గా అక్కడ "చివరగా ఎల్విస్ ప్రెస్లీని అనుకరిస్తాను" అంటాడు.

మన మిమిక్రీ పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు. నేరెళ్ల వేణుమాధవ్ గారి దారి చూడండి. వరంగల్‌లో పుట్టి ధ్వన్యనుకరణకు జాతీయ స్థాయి గౌరవం తెచ్చి, 2001లో పద్మశ్రీ అందుకున్న మనిషి. మన వేదికల మీద మిమిక్రీ కళాకారుడు మొదటి గొంతుతోనే సత్తా చూపించి జనాన్ని చేతిలోకి తీసుకోవాలి. ఆ తర్వాత ఒకదాన్ని మించి ఒకటి. మొదటి రెండు గొంతులు తప్పితే మూడోదానికి వెనక వరసలు లేచిపోతాయి. కాఫ్‌మన్ కావాలనే మొదటి మూడు నాలుగు గొంతులూ తగలేస్తాడు. చేతిలో ఉన్న ఒకే ఒక్క తురుపుముక్కని జనం ఆశ పూర్తిగా వదులుకున్నాక బయటికి తీస్తాడు. పోలిక పెట్టాలంటే మిమిక్రీ కంటే పగటివేషాలతో పెట్టాలి. వేషగాడు గుమ్మంలో నిలబడి, ఇంటివాళ్లు నిజమని నమ్మేదాకా పాత్ర వదలడు చూడండి, ఆ ఓపిక ఇది.

ఇప్పుడు అసలు ఘట్టం. వీపు తిప్పుతాడు. దువ్వెన తీసి జుట్టు దువ్వుతాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ, ఆ పక్క, ఈ పక్క. కోటు విప్పితే లోపలి నుంచి మెరుపు బట్టలు బయటపడతాయి. గిటారు మెడలో పడుతుంది. కొన్ని ప్రదర్శనల్లో ఈలోగా రిచర్డ్ స్ట్రాస్ 1896లో కూర్చిన సింఫనీ సంగీతం మోగుతుంది. ఇది గాలివాటంగా ఎంచుకున్నది కాదు. 1970ల్లో ఎల్విస్ తన కచేరీల్లో స్టేజీ మీదికి వచ్చింది ఆ సంగీతంతోనే. జనం వైపు తిరిగేసరికి పై పెదవి ఒక పక్కకి లేచి ఉంటుంది, కళ్లు సగం వాలి ఉంటాయి. కాసేపు మాట లేదు, పాట లేదు. స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి నడక, ఒక చూపు. అప్పుడు పాట.

అసలు కీలకం పాటలో ఉంది. పాట నడుస్తున్నంతసేపూ ఒక్క జోకు ఉండదు. వెక్కిరింపు లేదు, కన్ను కొట్టడం లేదు. మోకాలి వణుకు, నడుము, మైకు స్టాండుని వంచే తీరు, వాక్యం చివర గొంతులో ఆ చిన్న ఎక్కిళ్ల లాంటి విరుపు అన్నీ సరిగ్గా ఉంటాయి. పాడటం కూడా శుభ్రంగా పాడతాడు. నవ్వులు ఆగి చప్పట్లు మొదలవుతాయి. పాట అయ్యాక ఎల్విస్ భంగిమలోనే ఒక్క క్షణం నిలబడి, మళ్లీ ఆ సన్నటి గొంతుతో "టెంక్ యూ వెడీ మచ్" అంటాడు. అంతసేపూ తప్పుగా పలికిన ఆ మాట ఎల్విస్ కచేరీల్లో ప్రతి పాట తర్వాతా చెప్పే మాటే కదా. ఫారిన్ మ్యాన్ మొదటి నుంచీ చేతకాకుండా అనుకరిస్తున్నది ఎల్విస్‌నేనని అప్పుడు వెలుగుతుంది. ఇంత బాగా బిగించిన ముడి స్టాండప్‌లో అరుదు.

గొంతు సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే చాలామంది చూసీ చూడనట్టు వదిలేసే పనితనం ఇక్కడే ఉంది. ఎల్విస్‌ది ప్రధానంగా మంద్రంలో హాయిగా తిరిగే బారిటోన్, అవసరమైతే తారస్థాయికి ఎగబాకేది. ఫారిన్ మ్యాన్ గొంతు తల దగ్గర నుంచి వచ్చే పైస్థాయి గొంతు. అంటే పాటకు ముందు నిమిషాలన్నీ ఛాతీ గొంతుని అసలు వాడటం లేదు. శ్రోత చెవి ఆ పైస్థాయికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా కింది స్వరం దిగితే, ఉన్నదానికంటే లోతుగా వినిపిస్తుంది. మొదటి నుంచీ మామూలు గొంతుతో మాట్లాడుతూ వచ్చి అదే పాట పాడి ఉంటే సగం దెబ్బ తగ్గేది. యాస కూడా అంతే. విరిగిన ఇంగ్లిషు విన్న చెవికి అమెరికా దక్షిణాది సాగతీత వెన్నలా తగులుతుంది.

దీన్ని చూసి ఎవరైనా తమ అభిమాన గాయకుడి మీద ఇలాంటి అంశం కట్టాలనుకుంటే తప్పులు ఎక్కడ జరుగుతాయో ముందే చెప్పొచ్చు. మొదటిది, గెటప్‌తోనే స్టేజీ ఎక్కడం. బట్టలు కనిపించాక దాచడానికి ఏమీ మిగలదు. లోపలి వేషం మీద పైబట్ట వదులుగా ఉండాలి, మెడ దగ్గర, చేతుల చివర మెరుపు కనబడకూడదు. ప్యాంటు కూడా లాగేసేదైతే పక్క కుట్టు విప్పి వెల్క్రో వేయాలి. కానీ వెల్క్రో చప్పుడు మైకులోకి వస్తుంది. అందుకే ఆ క్షణంలో సంగీతం గట్టిగా ఉండాలి, మైకు స్టాండు మీదే వదిలి రెండడుగులు దూరం జరగాలి. దువ్వెన ఘట్టం ఊరికే పెట్టింది కాదు. వీపు తిప్పి చేతులు తలపైకి వెళితే చూసేవాళ్ల కళ్లు తల మీదే ఉంటాయి, నడుము దగ్గర జరిగే పని కనబడదు. మ్యాజిక్ చేసేవాళ్ల పాత సూత్రమే.

రెండోది, చెత్త అనుకరణల్ని ముచ్చటగా చేయడం. సగం బాగున్న కార్టర్ పనికిరాడు. నిజంగా ఘోరంగా ఉండాలి, పైగా చేసేవాడికి ఆ సంగతి తెలియనట్టు ఉండాలి. నవ్వు రాకపోతే కంగారు పడి నిజమైన జోకు ఒకటి విసిరే కమెడియన్లు ఎక్కువ. అది విసిరిన క్షణమే అంశం చచ్చిపోతుంది, ఎందుకంటే ఇతను కావాలనే చేస్తున్నాడని తెలిసిపోతుంది. నిశ్శబ్దాన్ని భరించే శక్తి కాఫ్‌మన్‌కి మొదటి నుంచీ ఉంది. 1975 అక్టోబర్ 11న 'సాటర్డే నైట్ లైవ్' మొదటి ప్రసారంలో ఒక కార్టూన్ పాట రికార్డు పెట్టి, అందులో ఒక్క ముక్క వచ్చినప్పుడు మాత్రమే పెదవులు కదిపి, మిగతా సమయమంతా ఊరికే నిలబడ్డవాడు.

మూడోది, పాట మధ్యలో గుర్తుచేయడం. "చూశారా, నేనే కమెడియన్ని" అన్నట్టు ఒక వెకిలి స్టెప్పు, ఒక మార్చిన లైను. ఈ ఒక్క తప్పుతోనే చాలా నివాళి కార్యక్రమాలు పేరడీ స్థాయికి పడిపోతాయి. నాలుగోది ఎక్కువసేపు సాగదీయడం. ఒక పాట, గట్టిగా అయితే రెండు. మూడో పాటకి అది ఆర్కెస్ట్రా కచేరీ అయిపోతుంది, అసలు గాయకుడితో నేరుగా పోటీ మొదలవుతుంది. ఆ పోటీలో గెలిచినవాడు లేడు.

ధ్వని విషయం సౌండ్ మనుషులకు. ఎల్విస్ తొలి రికార్డింగులు మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో శామ్ ఫిలిప్స్ చేశాడు. ఆ గొంతు చుట్టూ వినిపించే టక్కుమనే ప్రతిధ్వని రెండు టేపు మెషీన్ల మధ్య ఆలస్యం వల్ల పుట్టింది. మిల్లీసెకన్లలో చెప్పాలంటే వందకి కాస్త అటూ ఇటూ. ఇప్పుడు డిజిటల్ మిక్సర్లో డిలే 100 నుంచి 140 మధ్య పెట్టి, రిపీట్ ఒక్కటే ఉంచి, మట్టం గొంతు కంటే బాగా తక్కువలో వదిలేస్తే ఆ వాసన వస్తుంది. మన ఫంక్షన్ హాళ్లలో మామూలుగా జరిగేది గుడి మైకులా రివర్బ్ పోయడం. అప్పుడు మాట బురదలా కలిసిపోయి ఆ చిన్న విరుపులన్నీ మునిగిపోతాయి. ఇంకో సంగతి, ఆ డిలే ఫారిన్ మ్యాన్ మాట్లాడుతున్నప్పుడు ఆపి ఉండాలి. మొదటి నుంచీ వేసి ఉంచితే చెవి ముందే పసిగడుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో టికెట్టు పెట్టి చేస్తే లైసెన్సు కూడా చూసుకోవాలి. పాట హక్కుల కోసం ఐపీఆర్‌ఎస్ అనే సంస్థ, రికార్డయిన ట్రాక్ మోగిస్తే పీపీఎల్ అనే సంస్థ వైపు నుంచి అడుగుతారు. కరావోకే ట్రాక్ కదా అని వదిలేస్తే నిర్వాహకుడి మెడకు చుట్టుకుంటుంది.

ఇక ఏ రూపంలో చూడాలి? దొరికేవన్నీ ఒక్కలా ఉండవు. తొలి రోజుల టీవీ క్లిప్పులు అన్నిటికంటే మేలు. బొమ్మ మసకగా ఉంటుంది, శబ్దం పలచగా ఉంటుంది, అయినా జనం ముఖాల్లో నిజమైన అయోమయం వినిపిస్తుంది. అవును, వినిపిస్తుంది. నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ తెగిపోతోందో చెవులతో పట్టుకోవచ్చు. 1979లో జానీ క్యాష్ టీవీ కార్యక్రమంలో చేసినదానికి ఇంకో విలువ ఉంది. క్యాష్, ఎల్విస్ ఇద్దరూ సన్ స్టూడియోలో మొదలైనవాళ్లే. ఎల్విస్ పోయి అప్పటికి రెండేళ్లు దాటింది (1977 ఆగస్టు 16, వయసు 42). కానీ అప్పటికి కాఫ్‌మన్ లాట్కాగా దేశమంతా తెలిసినవాడు. ఇతను నిజంగా చేతకానివాడేమో అన్న అనుమానం పుట్టే అవకాశం తగ్గిపోయింది, నవ్వులు తొందరపడతాయి. అంశం మొత్తం ఆ అనుమానం మీదే నిలబడింది కాబట్టి ఇది చిన్న లోటేమీ కాదు.

90 నిమిషాల నిడివికి అమర్చిన 'ఆండీస్ ఫన్‌హౌస్' అనే టీవీ స్పెషల్ కూడా ఉంది. 1977లో తీసిన దాన్ని ఏబీసీ ఛానల్ రెండేళ్లు పక్కన పడేసి 1979లో ప్రసారం చేసింది. అందులో అతిథి కుర్చీ కంటే ఎన్నో అడుగుల ఎత్తులో బల్ల వేసుకుని కూర్చుని ఇంటర్వ్యూ చేస్తాడు. కాఫ్‌మన్ రుచి తెలియాలంటే ఇది చూడాలి. ఎల్విస్ కోసమే వెళ్లేవాళ్లకు మాత్రం మిగతాది సహనపరీక్ష. సాగదీత కూడా ఆయనకు ఒక ఆయుధమే అన్న వాదన నిజమే కానీ, ఆ ఆయుధం రెండోసారి చూసినప్పుడు మొద్దుబారిపోతుంది.

1999లో కాఫ్‌మన్ జీవితం మీద మిలోష్ ఫోర్‌మన్ తీసిన 'మ్యాన్ ఆన్ ద మూన్' లో జిమ్ క్యారీ ఈ ఘట్టం చేసి చూపించాడు. దాదాపు రెండు గంటల సినిమా. 'టాక్సీ' లో కాఫ్‌మన్‌తో కలిసి నటించిన డానీ డివీటో ఇందులో మేనేజర్ పాత్ర వేశాడు. క్యారీ పనితనానికి వంక పెట్టలేం, గోల్డెన్ గ్లోబ్ ఊరికే రాలేదు. అయినా ఈ ఒక్క ఘట్టం విషయంలో సినిమా మార్కులు తక్కువే. ఎల్విస్ రాబోతున్నాడని టికెట్టు కొన్న ప్రేక్షకుడికి ముందే తెలుసు, పైగా అది క్యారీ అనీ తెలుసు. ఫారిన్ మ్యాన్ భాగం కుదించేశారు. ఇబ్బంది పడటానికి సమయం ఇవ్వకపోతే ఊపిరి పీల్చుకోవడంలో సుఖం ఎక్కడుంది? పైగా అది అనుకరణకు అనుకరణ. క్యారీ చూపించేది కాఫ్‌మన్‌ని, కాఫ్‌మన్ చూపించింది ఎల్విస్‌ని. నివాళి ఒక మెట్టు దూరం జరిగింది.

లోపం చెప్పాలంటే ఫారిన్ మ్యాన్ యాస దగ్గరే చెప్పాలి. ఊరు కల్పితం కాబట్టి ఫలానా దేశస్థుణ్ణి వెక్కిరించాడనలేం. నవ్వు కూడా అతని తెలివితక్కువతనం మీద కంటే మనం అతన్ని తక్కువ అంచనా వేయడం మీదే తిరిగి పడుతుంది. అయినా విదేశీ యాసే హాస్యానికి పెట్టుబడి కావడం ఈరోజు చెవికి కొంచెం గుచ్చుకుంటుంది. 'సింప్సన్స్' కార్టూన్ సీరియల్లో అపూ అనే భారతీయ పాత్ర గొంతు మీద గొడవ నడిచి, ఆ గొంతు ఇచ్చిన హాంక్ అజారియా 2020లో తప్పుకున్న సంగతి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగువాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు. ఆఫీసు మీటింగులో తన ఉచ్చారణ విని ఎవరో ముసిముసిగా నవ్వడం చూసినవాడికి మొదటి నిమిషాలు నవ్వు పుట్టించకపోవచ్చు. అదే మనిషికి చివరి నిమిషం అందరికంటే ఎక్కువ నచ్చే అవకాశమూ ఉంది.

తనను అనుకరించినవాళ్లలో ఎల్విస్‌కి కాఫ్‌మన్ అంటేనే ఇష్టమని చెప్పుకుంటారు. చెప్పుకునే మాటగానే తీసుకుందాం.

చూసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్ ఆపేయండి. ఫారిన్ మ్యాన్ విరిగిన మాటల్ని యంత్రం సరిదిద్ది రాసేస్తుంది, దాంతో "టెంక్ యూ వెడీ మచ్" కూడా మామూలు థాంక్యూ అయిపోతుంది. రెండోది, సూటిగా ఎల్విస్ దగ్గర మొదలయ్యేలా కత్తిరించిన రెండు నిమిషాల ముక్కలు బోలెడు తిరుగుతున్నాయి, వాటి జోలికి పోవద్దు. అందులో కనిపించేది బాగా పాడే ఒక ఎల్విస్ వేషగాడు, అంతే. అలాంటివాళ్లు వేగస్‌లో వీధికొకరు దొరుకుతారు.